మొదటి వారం బొమ్మలు దాచిపెట్టు, అమ్మలూ

చిరంజీవి అమ్మలుకి పెదనాన్న దీవెనలు.

నిన్న మీ అమ్మ ఫోన్ చేసింది. విశాఖలో ఫైన్ ఆర్ట్స్ డిపార్ట్‌మెంట్‌లో నీ ఉద్యోగం ఖాయమైందని, చేరీ చేరగానే బి.ఎఫ్.ఏ. (బొమ్మల డిగ్రీ) పిల్లల ఇంటర్నల్స్, అంటే కాలేజీలోనే వేసే మార్కుల పనంతా నీ నెత్తిన పెట్టారని చెప్పింది. మన ఇంట్లో బొమ్మలు నేర్పి జీతం తెచ్చుకున్నవాణ్ణి ఇన్నాళ్ళూ నేనొక్కణ్ణే. ఇప్పుడు నువ్వు. రాత్రంతా నిద్ర పట్టలేదు. సంతోషం ఎంతో భయం కూడా అంతే. నువ్వు పాఠం చెప్పలేవని కాదు. బొమ్మకి మార్కు వేయడం నీకెవరూ నేర్పి ఉండరు. మన కాలేజీల్లో బొమ్మ వేయడం నేర్పుతారు గానీ, ఎదుటివాడు ఏం నేర్చుకున్నాడో కనిపెట్టడం నేర్పరు.

తేలిక సంగతులు ముందు. ఏ పనికి ఎన్ని మార్కులో సెమిస్టర్ మొదట్లోనే నోటీసు బోర్డులో పెట్టు. సబ్మిషన్ తేదీ ఒకసారి చెప్పాక మార్చకు. మార్కుల కాగితం జెరాక్స్ నీ దగ్గర ఒకటి ఉంచుకో. ఇవి నీకూ తెలుసు.

అసలు సంగతి కొంచెం పొడుగు. ఓపిగ్గా చదువు.

మేం చదువుకునే రోజుల్లో మా క్లాసులో బెజవాడ నుంచి వచ్చినవాడొకడు ఉండేవాడు. వాళ్ళ నాన్నగారు సినిమా బ్యానర్లు వేసేవారు. చిన్న ఫోటో మీద గళ్ళు గీసి, ఆ గళ్ళ లెక్కన పెద్ద గుడ్డ మీద రామారావు మొహం దించేయడం వాడికి కాలేజీకి రాకముందే వచ్చు. మొదటి వారం మాకు నీటిరంగుల్లో స్టిల్ లైఫ్ పెట్టారు. ఒక ఇత్తడి బిందె, దాని పక్కన రెండు ఇటుకలు, వెనకాల వేలాడేసిన పాత చీర. మేమంతా బిందె మూతి గుండ్రన కుదరక, చెరిపి చెరిపి కాగితం నూగు లేపుకుంటుంటే వాడు చకచకా ముగించి టీ తాగడానికి పోయాడు. బిందె తళతళలాడిపోతోంది. షీటు వెనక ఎర్ర సిరాతో క్లాసులో అందరికన్నా ఎక్కువ మార్కు, కింద మేష్టారి పొడి సంతకం.

ఆ బిందె పొట్ట మీద ఒక సొట్ట ఉండేది. వాడి బొమ్మలో సొట్ట లేదు. ఎదురుగా ఉన్న బిందెని వాడు చూడనే లేదు. తన చేతికి ముందే వచ్చిన బిందెని వేసి లేచిపోయాడు. నా పక్క డాంకీ (బొమ్మలు వేసేవాళ్ళు కూర్చునే బల్ల) మీద కూర్చున్న తుని అమ్మాయి బొమ్మలో బిందె ఒక వైపుకి ఒరిగిపోయింది. కానీ సొట్ట ఉంది. ఆ సొట్టలో పడ్డ ఇటుక ఎరుపు కూడా ఉంది. ఆ అమ్మాయికి పాస్ మార్కులు.

తర్వాత కూడా అదే వరస. లైఫ్ స్టడీకి బుగ్గలు పీక్కుపోయిన ముసలాయన్ని కూర్చోబెడితే, వాడి కాగితం మీద ఆయన బుగ్గలు నున్నగా హీరో బుగ్గలయ్యేవి. ఎవరూ ఏమీ అనలేదు. ఏడాది చివర బయటి నుంచి పరీక్షాధికారి, ఎక్స్‌టర్నల్, వచ్చి, హాలంతా ఒక పూటలో తిరిగి, పూర్తయిన బొమ్మలు చూసి మార్కులు వేసి రైలెక్కేవారు. తిరిగేవాడి కన్ను శుభ్రంగా ఉన్న బొమ్మ మీదే ఆగుతుంది మరి. మనుషులు చెడ్డవాళ్ళు కారు. మొదటి ఏడాది షీటునీ చివరి ఏడాది షీటునీ పక్కపక్కన పెట్టి చూసే ఏర్పాటే లేదు. ఫలితాలు రాగానే ఆ షీట్లన్నీ పాత పేపర్లతో పాటు తూకానికి వెళ్ళిపోయేవి. నాలుగేళ్ళూ వాడు ఇంటి నుంచి తెచ్చుకున్న విద్యకే మార్కులు పడ్డాయి. కాలేజీలో నేర్చుకున్నదెంత అని ఎవరూ కొలవలేదు.

పీజీ కోసం వేరే రాష్ట్రం వెళ్ళాడు. ఇంటర్వ్యూలో స్కెచ్‌బుక్కులు చూపించమన్నారట. ఈ బొమ్మ దగ్గరికి ఎలా వచ్చావు, మధ్యలో వేసి వదిలేసినవేవి అని అడిగారట. వాడి దగ్గర వదిలేసినవి లేవు. సీటు రాలేదు. తిరిగొచ్చి వాళ్ళ నాన్న బ్యానర్ల షెడ్డులోనే పని చేసుకున్నాడు, గొప్పగా చేశాడు. ఆ తర్వాత ఫ్లెక్సీలు వచ్చి ఆ పనీ పోయింది. ఒకసారి కలిసినప్పుడు అన్నాడు, "నాలుగేళ్ళూ ఫస్టు మార్కులే ఇచ్చార్రా, ఒరేయ్ నువ్వు చూడట్లేదురా అని ఒక్కళ్ళన్నా చెప్పుంటే బాగుండేది" అని.

నీ క్లాసులో కూడా అలాంటివాడు ఉంటాడమ్మా. ఇవాళ వాడు బ్యానర్ షెడ్డు నుంచి రాడు, యూట్యూబ్ చూసి ఫోటోలాంటి పెన్సిల్ మొహాలు వేయడం నేర్చుకుని వస్తాడు. చేతకాని పిల్లల గురించి నువ్వు ఎలాగూ పట్టించుకుంటావు, నీ మనసు నాకు తెలుసు. నా బెంగంతా ఆ చేయి తిరిగిన పిల్లాడి గురించి.

అందుకని మొదటి వారమే అందరికీ ఒకే సైజు కాగితం ఇచ్చి, ఒకే వస్తువు ముందు కూర్చోబెట్టు. సొట్టలున్న వస్తువు, పగిలిన వస్తువు పెట్టు. కొత్త స్టీలు బిందె పెట్టకు. వేసిన షీటు వెనక పేరు, తేదీ రాయించి లోపల పెట్టేయి. దానికి మార్కు వేయకు. సెమిస్టర్ చివర మళ్ళీ అదే వస్తువు, అదే వెలుతురు. రెండు షీట్లూ గోడకి పక్కపక్కన పెట్టి పిల్లవాణ్ణి పిలువు. ముందు వాడిని మాట్లాడనీ. రెండిటికీ తేడా ఏమిటో వాడు చెప్పాక నీకు కనిపించింది నువ్వు చెప్పు. మార్కు ఆ తర్వాత. ఒక్కొక్కరికి పావుగంట పడుతుంది. పట్టనీ.

కాలేజీలకి గ్రేడులిచ్చే సంస్థ న్యాక్, దాని ఫైళ్ళ గురించి మీ అమ్మ ఏదో అంటోంది. 1994లో న్యాక్ వచ్చింది మొదలు ఆ కాగితాలు పెరగడమే గానీ తగ్గడం నేను చూడలేదు. వాటితో పోట్లాడకు. కోర్స్ అవుట్‌కమ్స్, అంటే కోర్సు అయ్యేసరికి పిల్లలకి ఏం వస్తుందో, రాయమంటే రాయి, కానీ కంటికి కనిపించేలా రాయి. "విద్యార్థి సృజనాత్మకతను పెంపొందించుకుంటాడు" అని రాస్తే దాన్ని ఎక్కడ చూస్తావు? "ఒకే విషయానికి మూడు కాంపొజిషన్లు వేసి, వాటిలో ఒకదాన్నే ఎందుకు పెద్దది చేశాడో చెప్పగలడు" అని రాయి. ఇది చూడొచ్చు, దీనికి మార్కు వేయొచ్చు. నేర్చుకోవడాన్ని కింది నుంచి పైకి మెట్లుగా పేర్చిన బ్లూమ్ పట్టిక కూడా ఎలాగూ నీ చేతిలో పెడతారు. 1956 నాటి ఆ పట్టికని 2001లో సవరించి, గుర్తుపెట్టుకోవడాన్ని అడుగు మెట్టు మీద, సృష్టించడాన్ని అన్నిటికన్నా పై మెట్టు మీద పెట్టారు. మన పిల్లలు మొదటి రోజే ఏదో ఒకటి సృష్టిస్తారు. చూడటం, గుర్తుపెట్టుకోవడం దాని తర్వాత, దాని వల్లే వస్తాయి. కాబట్టి మెట్ల వరసని చూసి, మొదటి ఏడాదంతా కాపీ పనే చేయించాలని ఎవరన్నా అంటే ఒప్పుకోకు.

నీకు నచ్చినట్టు వేసినవాడికి మార్కులు ఎక్కువ పడకుండా చూసుకో. ఇది చెప్పినంత తేలిక కాదు. మన చిత్రకారులు లక్ష్మాగౌడ్ గారు, వైకుంఠం గారు ఇద్దరూ హైదరాబాద్‌లో చదివి బరోడా వెళ్ళినవాళ్ళే, ఇద్దరూ కె.జి. సుబ్రమణ్యన్ గారి దగ్గర నేర్చుకున్నవాళ్ళే. ఆయన గీసే గీత వేరు, ఈయన పూసే రంగు వేరు, గురువుగారి బొమ్మ ఆ రెండిటికీ వేరు. పాతికమంది డిస్‌ప్లే పెడితే పాతికా నీ బొమ్మల్లాగే ఉన్నాయనుకో, ఆ ఏడాది నువ్వు ఏం నేర్పావో ఒకసారి ఆలోచించుకోవాలి.

డిస్‌ప్లేలో ఫ్రేములు వద్దను. అప్పు చేసి ఫ్రేము కట్టించుకున్న పిల్లల్ని నేను చూశాను. పెద్ద కాన్వాసు కొనగలిగినవాడికి తెలియకుండానే రెండు మార్కులు ఎక్కువ పడతాయి. అందరూ కాగితాన్ని గోడకి క్లిప్పులతో పెట్టుకుంటే సరిపోతుంది.

వైవా, అదే నోటితో అడిగే పరీక్ష, తెలుగులో పెట్టు. ఎక్స్‌టర్నల్ బయటి రాష్ట్రం ఆయనైతే పక్కన కూర్చుని నువ్వే అనువదించు. శ్రీకాకుళం నుంచి, పాడేరు నుంచి వచ్చే పిల్లలు తమ బొమ్మ గురించి ఎంత బాగా మాట్లాడతారో! ఇంగ్లీషులో అడిగేసరికి టెన్షన్ పడి "యస్ సార్, నో సార్" దగ్గర ఆగిపోతారు. మార్కు పోయేది ఇంగ్లీషుకి, రాసేది పెయింటింగ్ కింద. ఇది నాకు ఇప్పటికీ మండిపోయే విషయం.

ఫోన్‌లో దొరికిన బొమ్మ దించేశారనో, ఏఐతో చేయించారనో అనుమానం వస్తే పోలీసు పని చేయకు. తేదీలు వేసిన స్కెచ్‌బుక్ అడుగు. పాడైన ప్రయత్నాలు చూపించమని అడుగు, వాటికీ మార్కులు పెట్టు. క్లాసులో నీ ఎదురుగా వేసే పని ఎక్కువ ఉండేలా చూసుకో.

ఇంకో మాట. రాత్రి రెండింటిదాకా కూర్చుని షీట్లు చూస్తున్నావట, అన్నం కూడా తినట్లేదట. ఏమిటా పని? ఆకలితో ఉన్న కన్నుకి అన్ని బొమ్మలూ ఒకేలా కనిపిస్తాయి. బొమ్మలు పగటి వెలుతురులోనే చూడు. ట్యూబ్‌లైటు కింద రంగు ఏం తెలుస్తుంది? చిన్నప్పుడు కూడా అంతే, సంక్రాంతికి వాకిలంతా ముగ్గు పూర్తయ్యేదాకా మంచినీళ్ళు కూడా తాగేదానివి కాదు. మీ నాయనమ్మ నీ నోట్లో అరిసె ముక్క పెట్టి వెళ్ళేది. నువ్వు నమలడం కూడా మర్చిపోయి చుక్కలు లెక్కపెట్టుకునేదానివి. అప్పుడు నాయనమ్మ ఉంది. ఇప్పుడు నువ్వే చూసుకోవాలి తల్లీ.

వీలుంటే డిసెంబరులో పిల్లల్ని రాజమండ్రి తీసుకురా. చిత్రకారుడు దామెర్ల రామారావు గ్యాలరీ చూపిద్దాం. 1925లో పోయేనాటికి ఆయనకి ఇరవై ఎనిమిదేళ్ళు నిండలేదు, నీ పిల్లలకన్నా ఏమంత పెద్దవాడు కాదు. దీనికి మాత్రం మార్కులు పెట్టకు. భోజనాల సంగతి మీ పెద్దమ్మ చూసుకుంటుంది.

మొదటి వారం షీట్లు దాచడానికి తాళం వేసే ఇనప బీరువా కావాలి. చెక్కది వద్దు, చెదలు పడుతుంది. సముద్రం పక్కన తేమ కాబట్టి షీటుకీ షీటుకీ మధ్య పొడి కాగితం వేయి. "బీరువాకి బడ్జెట్ లేదు" అంటారు, నాకు తెలుసు. న్యాక్ వాళ్ళకి చూపించాల్సిన ఆధారాలు అందులో పెడతామని రాస్తే వెంటనే ఇస్తారు. ఆ అర్జీ నేను రాసి ఈ ఉత్తరంతో పాటే పంపుతున్నాను. నువ్వు సంతకం పెట్టి సోమవారమే ఆఫీసులో ఇచ్చేయి, నకలు మీద ఇన్‌వర్డ్ నంబరు వేయించుకో.

మీ పెదనాన్న