తుంటి కీలు లూజయింది, పాత క్యాన్సర్ సంగతి చెప్పాలా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా అమ్మకు 67 ఏళ్లు. ఆరేళ్ల కిందట కుడి తుంటి మార్పిడి ఆపరేషన్ అయింది. మొన్నటిదాకా గుడికి, కూరగాయలకు తనే నడిచి వెళ్లొచ్చేది. మూడు నెలలుగా గజ్జలో, తొడలో నొప్పి, రాత్రిళ్లు మరీ ఎక్కువ. ఎక్స్‌రే చూసి కీలు లూజయింది, మళ్లీ ఆపరేషన్ చేయాలన్నారు. అమ్మకు 12 ఏళ్ల కిందట రొమ్ము క్యాన్సర్ వచ్చి నయమైంది. ఆ సంగతి ఈ డాక్టరు అడగలేదు, మేమూ చెప్పలేదు. "ఎప్పటిదో ఇప్పుడెందుకు, అమ్మ భయపడుతుంది" అంటున్నాడు అన్నయ్య. చెప్పాలా?
ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: చెప్పాలమ్మా. తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా రేపే వెళ్లి చెప్పండి.

అలాగని కంగారు పడకండి. మార్చిన కీలు వదులయ్యేది చాలావరకు క్యాన్సర్ వల్ల కాదు. కటి ఎముకలో బిగించిన కృత్రిమ కప్పు లోపలి ప్లాస్టిక్ ఏళ్ల తరబడి అరిగి, ఆ సన్నని పొడిని ఒంట్లోని కణాలు శత్రువనుకుని మీద పడితే, మధ్యలో నలిగి కరిగిపోయేది చుట్టూ ఉన్న ఎముక. లేదా ఇన్‌ఫెక్షన్ చేరుతుంది, లేదా ఎప్పుడో జారిపడి ఉంటారు. క్యాన్సర్ పాకి కీలు వదులవడం చాలా అరుదు. అరుదు కాబట్టే చూసేవాళ్లకు తట్టదు, ఇంట్లోవాళ్లు చెబితే తప్ప.

మీ అన్నయ్య ప్రేమ నాకు అర్థమవుతుంది, కానీ "ఎప్పటిదో" అనే మాట రొమ్ము క్యాన్సర్ దగ్గర చెల్లదు. హార్మోన్ రిసెప్టార్ పాజిటివ్ రకమైతే, అంటే ఒంట్లోని హార్మోన్లతో పెరిగే రకమైతే, పది, పదిహేనేళ్లు కిక్కురుమనకుండా ఉండి ఎముకలో తేలొచ్చు. రొమ్ము, ప్రోస్టేట్, ఊపిరితిత్తి, కిడ్నీ, థైరాయిడ్ క్యాన్సర్లు ఎముకలకు ఎక్కువగా పాకుతాయి, అదీ వెన్నుపూసలకు, కటి ఎముకకు, తొడ ఎముక పైభాగానికి. మీ అమ్మగారికి అమర్చిన కప్పు, తొడ ఎముకలో దించిన రాడ్ ఉన్నది సరిగ్గా అక్కడే.

ఎక్స్‌రేలో లోహం పక్కన ఎముక నల్లగా కనిపిస్తుంది, అరుగుదల వల్లయినా, క్యాన్సర్ వల్లయినా. నొప్పి తీరు కొంత దారి చూపిస్తుంది. ఉత్తినే వదులైన కీలు లేచి అడుగేసేటప్పుడు పోటు పెట్టి, కూర్చుంటే సర్దుకుంటుంది. పడుకున్నా వదలకుండా రాత్రి నిద్రలేపే నొప్పి అంటే ఇన్‌ఫెక్షనో, ఇంకేదైనానో చూడాల్సిందే. ఒంట్లో వాపును చూపించే రక్తపరీక్షలు ఈఎస్ఆర్, సీఆర్‌పీ క్యాన్సర్‌లోనూ పెరగొచ్చు కాబట్టి అవి ఎక్కువ వచ్చాయని ఇన్‌ఫెక్షన్ అని తేల్చేయకూడదు. సీటీ గానీ, లోహం నీడ తగ్గించే పద్ధతిలో ఎంఆర్ఐ గానీ, ఒళ్లంతా చూసే బోన్ స్కాన్ లేదా పెట్ సీటీ గానీ ఏది అవసరమో డాక్టర్లే చెబుతారు. రక్తంలో క్యాల్షియం కూడా చూడమనండి. అనుమానం ఉంటే ఆపరేషన్‌కు ముందే ముక్క పరీక్ష (బయాప్సీ) చేయొచ్చు.

ఇంకొకటి మీరు నోరు తెరిచి అడగాలి. ఆపరేషన్‌లో తీసిన కణజాలాన్ని రెండు రకాల డబ్బాల్లో వేయాలి. బ్యాక్టీరియా ఉందేమో పెంచి చూసే కల్చర్ పరీక్షకు పంపే డబ్బాలో ఫార్మలిన్ (కణజాలం చెడకుండా ఉంచే ద్రవం) ఉండకూడదు, పడితే బ్యాక్టీరియా చచ్చిపోతుంది. బయాప్సీకి పంపేదాన్ని ఫార్మలిన్‌లోనే వేయాలి. ఇన్‌ఫెక్షన్ గురించే ఆలోచిస్తున్నప్పుడు మొదటి డబ్బా మాత్రమే వెళ్లి రెండోది మర్చిపోవడం జరుగుతుంది. "బయాప్సీకి కూడా పంపుతున్నారు కదా సార్" అని అడగండి, ఎవరూ తప్పుపట్టరు.

ఒకవేళ క్యాన్సరే అయితే, ఆపరేషన్ ప్లానే మారిపోతుంది. దెబ్బతిన్న ఎముకను దాటి కిందిదాకా వెళ్లే పొడవాటి రాడ్, సిమెంట్, ఆ తర్వాత రేడియేషన్ అవసరం కావచ్చు. ఎముకకు బలమిచ్చే జోలెడ్రోనిక్ యాసిడ్ ఇంజెక్షన్ రాస్తే దానికంటే ముందు పళ్ల డాక్టరుకు చూపించాలి. రొమ్ము క్యాన్సర్ ఎముకకు చేరినా మందులతో ఏళ్ల తరబడి తిరుగుతున్నవాళ్లు ఎందరో ఉన్నారమ్మా, ఈ మాట అన్నయ్యకూ చెప్పండి.

పాత ఫైలు బీరువాలోంచి తీయండి, బయాప్సీ రిపోర్టు, ఈఆర్, పీఆర్ (హార్మోన్ రిసెప్టార్ల పరీక్ష) అని ఉన్న కాగితం ముఖ్యం. పోయి ఉంటే అప్పట్లో చూపించిన ఆసుపత్రి రికార్డుల విభాగంలో అడగండి. అమ్మతో దాచొద్దు, ఆ నొప్పి ఆవిడదే, డాక్టరు అడిగేదీ ఆవిడనే. ఇదంతా తేలేదాకా వాకర్ లేకుండా బాత్రూమ్‌కు కూడా వెళ్లనివ్వకండి.