యుద్ధ సినిమాల్లో ఆ బాంబర్లు నిజంగానే ఎగిరాయా?

ప్రశ్న: పాత ఇంగ్లిష్ యుద్ధ సినిమాల్లో బాంబర్ విమానాలు చెట్లను రాసుకుంటూ పోవడం, చక్రాల్లేకుండా నేలమీద జారడం చూస్తుంటాం. అవి నిజంగా నడిపినవా, బొమ్మలతో తీసినవా? ఇప్పుడు గ్రాఫిక్స్ ఉన్నాయి కదా, అంత రిస్క్ అవసరమా?

చాలావరకు నిజంగా నడిపినవే. బొమ్మలూ వాడారు గానీ, ఏది బొమ్మో ఏది అసలో ఒక్క చూపులో చెప్పేయొచ్చు. నేను చెప్పలేకపోయినా మా నాన్న చెప్పేస్తాడు. ఆయనకు విమానాల గురించి ఏమీ తెలియదు. మార్కాపురం వైపు 31 ఏళ్లు బస్సు నడిపాడు, అంతే.

2018లో అమ్మా నాన్నా ఆరు నెలల వీసా మీద కేంబ్రిడ్జ్‌లో మా ఇంటికి వచ్చారు. (ఆ వీసాకి ఎన్ని కాగితాలు అడిగారో రాస్తే అదో పెద్ద జవాబు అవుతుంది, వద్దులెండి.) అమ్మకి మనవరాలితో పొద్దుపోయేది. నాన్నకి మాత్రం ఏమీ తోచేది కాదు. డబుల్ డెక్కర్ బస్సెక్కి, పైన ముందు సీట్లో కూర్చుని, ఈ చివర నుంచి ఆ చివరకి తిరిగొచ్చేవాడు. సాయంత్రం భోజనాల దగ్గర ఇక్కడి డ్రైవర్లు మలుపులు ఎలా తీసుకుంటున్నారో చెప్పేవాడు. ఈ బాధ చూడలేక సెప్టెంబర్‌లో డక్స్‌ఫర్డ్ అనే పాత సైనిక విమానాశ్రయంలో ఎయిర్ షో ఉంటే తీసుకెళ్లాను. మా ఇంటి నుంచి అరగంట దూరం.

టికెట్ ధర నాన్నకి చెప్పలేదు. అక్కడ అమ్మే చల్లటి శాండ్‌విచ్ ధర మాత్రం ఆయనే చదివేశాడు. అమ్మ కట్టిచ్చిన పులిహోర గడ్డిమీద కూర్చుని తిన్నాం.

అక్కడ శాలీ బి అని ఒక బి-17 ఉంది. నాలుగు ఇంజన్ల అమెరికన్ బాంబర్. కుడివైపు లోపలి ఇంజన్ మూతికి పసుపు, నలుపు గళ్లు. 1989లో మెంఫిస్ బెల్ సినిమా తీసినప్పుడు వేసిన బొమ్మ దాని ముక్కుకి ఒక పక్క ఇంకా ఉంది. ఇంజన్లు ఒక్కొక్కటే స్టార్ట్ చేశారు. ఫ్యాను బద్ధకంగా రెండు మూడు చుట్లు తిరిగి, ఒక దగ్గు దగ్గి, భళ్లున తెల్లటి పొగ కక్కి, అప్పుడు అందుకుంది. "చలికాలం పొద్దున మన బండి లేచినట్టే లేచింది రా" అన్నాడు నాన్న. అది డీజిల్ కాదు, పెట్రోల్ నాన్నా అని చెప్పబోయి ఊరుకున్నాను. షో మొత్తంలో ఆయన ముఖం వెలిగింది అప్పుడే.

ఆ సినిమాకి ఇలాంటివి ఐదు తెచ్చారు. ఫ్రాన్స్ నుంచి వచ్చినవాటిలో ఒకటి, ఇంగ్లండ్‌లోనే బిన్‌బ్రూక్ అనే చోట పైకి లేవబోతూ పక్కకి లాగేసి, కూలి కాలిపోయింది. లోపలున్న పదిమందీ బతికి బయటపడ్డారు. అంటే 'నిజంగా నడిపారా' అనే ప్రశ్నకి జవాబు బూడిద రూపంలో కూడా ఉంది.

ఇంకో సంగతి. డక్స్‌ఫర్డ్‌లో విమానాలుంచే పాత షెడ్ల వరసలో ఒక చోట ఖాళీ కనిపిస్తుంది. అక్కడుండాల్సిన షెడ్డుని 1968లో బ్యాటిల్ ఆఫ్ బ్రిటన్ సినిమా కోసం నిజంగానే పేల్చేశారు. నాన్న నమ్మలేదు. "సినిమా కోసమా? గవర్నమెంటు షెడ్డా?" అని రెండుసార్లు అడిగాడు. ఇంటికొచ్చాక అమ్మకి ముందు చెప్పింది అదే. ఆ సినిమాలో జర్మన్ల హైన్‌కెల్ బాంబర్లుగా కనిపించేవి స్పెయిన్ వాళ్లవి. వాటిలో ఉన్నది రోల్స్ రాయిస్ మెర్లిన్ ఇంజన్, అంటే వాటిని వెంటాడే బ్రిటిష్ యుద్ధవిమానాలు స్పిట్‌ఫైర్లకు పేరు తెచ్చిన ఇంజనే. ఇద్దరు శత్రువులూ ఒకే గొంతుతో అరుచుకున్నారన్నమాట.

అసలు నేను చెప్పాలనుకున్నది ఆ రాత్రి సంగతి. నాన్న హుషారుగా ఉన్నాడని 1949 నాటి ట్వెల్వ్ ఓ క్లాక్ హై పెట్టాను. మాటలు ఎక్కువున్న సినిమా. తెలుగు సబ్‌టైటిల్స్ లేవు, ఎందుకుంటాయి, మన భాష మాట్లాడేవాళ్లు ఎనిమిది కోట్లేగా! నాన్న కునుకు తీస్తున్నాడు. ఇంతలో ఒక బి-17 చక్రాలు దించకుండా వచ్చి, పొట్టమీద దిగి, జారుకుంటూ పోయి అక్కడున్న డేరాల్లోకి దూసుకెళ్లింది. నాన్న నిటారుగా కూర్చున్నాడు.

"వెనక్కి తిప్పు."

తిప్పాను. మళ్లీ తిప్పాను. ఐదోసారి ఆపమన్నాడు.

"లోపల ఎంతమంది?"

"ఒక్కడే నాన్నా. పాల్ మాంట్జ్ అని పైలట్. పక్క సీట్లో కూడా ఎవరూ లేరు."

మామూలుగా దానికి ఇద్దరు పైలట్లు కావాలి. యుద్ధంలో అయితే పదిమంది ఎక్కేవాళ్లు. ఖాళీ విమానమే 16 టన్నుల దాకా ఉంటుంది. నేల తాకాక బ్రేకు లేదు, తిప్పుకోవడానికి చక్రమే లేదు. ఇదంతా చెప్పి, "నేలే ఆపింది" అన్నాను.

"నేల దానంతటది ఎందుకాపుద్ది రా? ఎక్కడ ఆగాలో ముందు చూసుకుని, అక్కణ్ణుంచి వెనక్కి లెక్కేసుకుని దించాడు. ఎంత దూరం జారిందో చూడు. తేలిక బొమ్మయితే ఎగిరెగిరి పడేది."

నా వాదన కూడా ఇంతే. గ్రాఫిక్స్ విమానానికి బరువుండదు. ఈగలా తిరుగుద్ది, కెమెరా దాని చుట్టూ ఇంకో ఈగలా తిరుగుద్ది. మన సినిమాల్లో లారీలు గాల్లో పల్టీలు కొట్టేటప్పుడూ అదే జబ్బు. కోట్లు పోసి తీస్తారు, దూదిబస్తా పడ్డట్టు పడతాయి. చేసేవాళ్లకి ఎప్పుడైనా లోడుతో ఉన్న లారీ వెనక కూర్చోబెట్టి ఒక ఘాటు దింపితే తెలుస్తుంది.

రిస్క్ అవసరమా అన్నారు. ఆ మాట నిజమే, ప్రాణాలు పోయాయి. మాంట్జ్ కూడా 1965లో వేరే సినిమా షూటింగ్‌లోనే పోయాడు, అప్పుడు నడిపింది బాంబర్ కాదు. ఆయన భాగస్వామి ఫ్రాంక్ టాల్‌మన్‌కి అదే ఏడాది ఒక కాలు తీసేశారు. ఆ ఒంటికాలితోనే క్యాచ్-22 అనే సినిమా కోసం 18 బి-25 బాంబర్లు పోగుచేసి, మెక్సికోలో ఎగరేయించాడు. అన్ని విమానాలు వరసగా లేస్తుంటే ఆ దుమ్ము చూడాల్సిందే. కానీ ఆ షూటింగ్‌లోనే ఒక దర్శకుడు బెల్టు కట్టుకోకుండా విమానం తోక దగ్గర నుంచి చిత్రీకరిస్తూ జారిపడి చనిపోయాడు. ఇది చెబితే నాన్న "బెల్టు కట్టుకోనన్నవాణ్ణి ఎక్కించుకోకూడదు, బండి తియ్యకూడదు" అన్నాడు, ఖచ్చితంగా.

ఆ రాత్రి పడుకోబోతూ నాన్న ఒక సంగతి చెప్పాడు. నేను చిన్నప్పుడు ఎప్పుడో శ్రీశైలం నుంచి దోర్నాలకి ఘాటు దిగుతుంటే బస్సుకి బ్రేకు గాలి దిగిపోయిందట. గేరు తగ్గించి, హ్యాండ్ బ్రేకు లాగి, ఇంక లాభం లేదని బస్సు పక్క భాగాన్ని కొండకి ఆనించి రాసుకుంటూ ఆపాడట. 40 మందికి పైగా జనం, ఎవరికీ దెబ్బ తగల్లేదు. రేకు మొత్తం చీలిపోయింది. ఇన్నేళ్లలో మాకెవరికీ ఈ సంగతి చెప్పలేదు.

"ఆ పైలట్‌కి ఎంతిచ్చారు రా?"

"4,500 డాలర్లంటారు. అప్పటి లెక్కన పదిహేను వేల రూపాయల దాకా."

నాన్న కాసేపు సీలింగ్ వైపు చూశాడు.

"నాకు మెమో ఇచ్చారు" అన్నాడు. "రేకు ఎందుకు చీలిందో మూడు రోజుల్లో రాతపూర్వకంగా చెప్పమని."