చైనాకు ప్రపంచ బ్యాంకు అప్పు ఇవ్వకుండా అమెరికా కాంగ్రెస్ చట్టం చేసి ఆపగలదా?

నేరుగా ఆపలేదు. అమెరికా చట్టం బ్యాంకు మీద చెల్లదు. బ్యాంకు బోర్డులో కూర్చున్న తమ డైరెక్టరుకు, ఫలానా అప్పుకి వ్యతిరేకంగా ఓటెయ్యమని చెప్పగలదు, అంతే. ఆ ఓటు బలం దాదాపు 16 శాతం. అప్పు మంజూరు కావడానికి సగం ఓట్లు దాటితే చాలు.

1999 జూన్‌లో ఇదే జరిగింది. చైనాలో 58 వేల మంది పేద రైతుల్ని చింఘై రాష్ట్రంలో టిబెటన్లు, మంగోలులు ఉండే చోటికి తరలించే పథకం ఓటుకొచ్చింది. అమెరికా, జర్మనీ కాదన్నా బోర్డు ఆమోదించింది. ఏడాదికి అది ఆగిందంటే కారణం వేరే: బ్యాంకు సొంత తనిఖీ సంఘమే లోపాలు బయటపెట్టింది. ఆపైన పెట్టిన షరతులు నచ్చక చైనా అప్పే వద్దంది.

అలాగని ఆ చట్టాల్ని తీసిపారెయ్యకండి. వాటి దెబ్బ హైదరాబాదులో కళ్లారా చూశాను. 1998లో నేను మన విద్యుత్ బోర్డు అకౌంట్స్‌లో ఉన్నాను. పోఖ్రాన్ పరీక్షలు కాగానే, అణుపరీక్ష చేసిన దేశాల మీద ఆంక్షలు పెట్టే అమెరికా చట్టం, గ్లెన్ సవరణ, అమల్లోకొచ్చింది. కనీస మానవ అవసరాలకైతే సరే, మిగతా అప్పులన్నిటినీ అమెరికా వ్యతిరేకించాలి. ఈసారి మిగతా ధనిక దేశాలు కూడా అమెరికా వెనక నిలబడ్డాయి, అందుకే పట్టు బిగిసింది. పవర్‌గ్రిడ్ అప్పుతో సహా దేశానికి రావాల్సిన 86 కోట్ల డాలర్లు వాయిదా పడ్డాయి. జూన్ నెలాఖరున అప్పటి మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కి 54 కోట్ల డాలర్లు మంజూరైంది. అందులో బడులు, వైద్యం, పల్లె రోడ్లు ఉన్నాయి. కరెంటు సంస్కరణల అప్పు మాత్రం కదల్లేదు. మా స్టేట్‌మెంట్‌లో ప్రపంచ బ్యాంకు బోర్డు ఆమోదించే తేదీ గడిని పెన్సిల్‌తో నింపడం, ఢిల్లీ నుంచి ఫోన్ రాగానే చెరిపెయ్యడం, ఇదే పని. ఆ 21 కోట్ల డాలర్లు మంజూరయ్యేసరికి 1999 ఫిబ్రవరి అయింది. బోరు మోటారు మీదే బతికే రైతుకి కరెంటు కనీస అవసరం కాదని ఎవరో ఎక్కడో కూర్చుని తేల్చడం నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

కాంగ్రెస్‌కి అసలు పట్టు డబ్బు దగ్గరుంది. బ్యాంకు మూలధనం పెంచినప్పుడల్లా అమెరికా వాటా సొమ్ము అదే మంజూరు చెయ్యాలి. 2018లో 1300 కోట్ల డాలర్ల పెంపుకి అమెరికా ఒప్పుకున్నప్పుడు, చైనా లాంటి కాస్త కలిగిన దేశాలకు వడ్డీ పెంచాలన్న మాట కూడా అందులో చేరింది. మరుసటి ఏడాది డిసెంబరులో చైనాకు ఏటా 100 నుంచి 150 కోట్ల డాలర్ల అప్పు ప్రణాళిక వస్తే అమెరికా అభ్యంతరం చెప్పింది. అయినా అది ఆగలేదు.

కాబట్టి ఇలాంటి బిల్లు వార్త కనబడితే ఒక్కటి చూడండి: అది డైరెక్టరుని ఓటెయ్యమంటోందా, బ్యాంకుకిచ్చే సొమ్ము ఆపుతానంటోందా? రెండోదైతేనే బీజింగ్ కంటే ముందు బ్యాంకు కంగారు పడుతుంది.