చీటీ ఇచ్చి పంపకు, వెంట వెళ్లు

విజయవాడ

చిరంజీవి బుజ్జికి పెదనాన్న ఆశీస్సులు.

గుంటూరులో నీకు హాస్టల్ వార్డెన్ పని కూడా అంటగట్టారని మీ నాన్న చెప్పాడు. పాఠాలకు తోడు ఇదొక తలనొప్పి అంటున్నావట. మొదటి ఏడాది నేనూ అదే అన్నాను.

రోజూ మెస్ పుస్తకం చూడు. పిల్లలు కష్టం చెప్పుకోరు, భోజనానికి రావడం మానేస్తారు. ఒక ఆదివారం, కోడికూర వండిన పూట కూడా, ఒక కుర్రాడి పేరు ఎదుట సంతకం లేదు. అంతకు ముందు మూడు రోజులూ లేదు. గదికి వెళ్తే పట్టపగలు దుప్పటి ముసుగులో ఉన్నాడు. కిటికీలో మీగడ కట్టిన టీ గ్లాసు. "బాగానే ఉన్నాను సార్" అన్నాడు. కౌన్సెలర్ గది ఎక్కడో చీటీ మీద రాసిచ్చి, నా పని అయిపోయిందనుకున్నాను. నెల తిరక్కుండా చదువు మానేసి ఊరికి వెళ్లిపోయాడు. గది ఊడుస్తుంటే మంచం కింద ఆ చీటీ దొరికింది, వేసిన మడత వేసినట్టే.

కాబట్టి నువ్వు వెంట వెళ్లు. బయట బెంచీ మీద కూర్చో. లోపల ఏం మాట్లాడారని మాత్రం అడగకు, స్టాఫ్‌రూమ్‌లో అసలే ఎత్తకు.

మీ దగ్గర కౌన్సెలర్ లేకపోతే ప్రిన్సిపాల్‌ను గట్టిగా అడుగు. వంద మంది, ఆపైన విద్యార్థులున్న ప్రతి సంస్థలో ఒకరు ఉండాలని 2025 జూలైలో సుప్రీంకోర్టు చెప్పింది. అది విశాఖపట్నంలో చదువుకుంటూ చనిపోయిన ఒక అమ్మాయి కేసు. హెల్ప్‌లైన్ నంబర్లు హాస్టళ్లలో కనబడేలా పెట్టమని కూడా అందులోనే ఉంది. మీ గోడ మీద నంబరు క్యాలెండర్ వెనక్కి పోయిందేమో చూసుకో.

ఒక్కోసారి కావలసింది ఓదార్పు కాదు, కాగితం. హాజరు తగ్గి పరీక్ష పోతుందన్న దిగులు మాటలతో తీరదు. వైద్యుడి సర్టిఫికెట్ జత చేసి కండోనేషన్‌కు, అంటే తగ్గిన హాజరును మన్నించమని, దరఖాస్తు పెట్టించు, ఆఫీసుకు నువ్వే తీసుకెళ్లు. గుమాస్తాలు వార్డెన్‌ను కసిరినా కుర్రాణ్ణి కసిరినంత కసరరు.

చచ్చిపోవాలనిపిస్తోందని ఎవరైనా అంటే నీతులు చెప్పకు, ఒంటరిగా వదలకు. అర్ధరాత్రయినా 14416కు చెయ్యి. అది టెలీమానస్, మనసు బాగాలేనివాళ్ల కోసం ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్, డబ్బు కట్టనక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు. ప్రాణం మీదికి వచ్చేలా ఉంటే 108 పిలిచి పెద్దాసుపత్రికి. పోలీసు కేసవుతుందని స్నేహితులు దాచిపెడతారు. ప్రాణం తీసుకోబోయిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని, శిక్షించకూడదని 2017 మానసిక ఆరోగ్య చట్టం అంటుంది. ఇది పిల్లలకు ముందే చెప్పి ఉంచు.

ఇంటికి ఫోను చేసే ముందు ఎవరికి చెయ్యాలో వాళ్లనే అడుగు. ఒకడు నాన్నకు వద్దన్నాడు, తెనాలిలో మేనత్తకు చెయ్యమన్నాడు. తెల్లవారి మొదటి బస్సుకే దిగిందావిడ, చేతిలో అన్నం క్యారియర్‌తో. వరండాలో కూర్చోబెట్టి కలిపి పెడుతుంటే వాడు తిన్నాడు.