ఫిబ్రవరిలో అయితే మసాయి మారా కాదు, ఎన్‌డూటు వెళ్లండి

ఫిబ్రవరిలో అమ్మానాన్నలతో కెన్యాలోని మసాయి మారా అభయారణ్యానికి వెళ్తే విల్డబీస్ట్ (పశువుల్లా కనిపించే పెద్ద జింకలు) మందలు నది దాటడం చూడొచ్చా అని అడిగారు కదండీ. చూడలేరు. ఆ దృశ్యం ఎక్కువగా జులై నుంచి అక్టోబరు దాకానే.

ఇంకా బుక్ చేయలేదన్నారు కాబట్టి టాంజానియాకి మార్చుకోండి. ఫిబ్రవరిలో మందలు అక్కడి సెరెంగెటి జాతీయ పార్కు దక్షిణాన, ఎన్‌డూటు అనే చోటు చుట్టుపక్కల పొట్టి గడ్డి మైదానాల్లో ఈనుతుంటాయి. నేను చూసిన ఓ దూడ ఒంటి మీద తడి ఆరకముందే లేవబోయి రెండుసార్లు తూలిపడింది, మూడోసారి నిలదొక్కుకుంది, కాసేపటికే తల్లి వెంట పరుగు! నా మటుకు నాకు నది దాటడం కంటే ఇదే గొప్ప. దూడల కోసం చీతాలూ అక్కడే తిరుగుతుంటాయి.

అమ్మగారికి నడుంనొప్పి అన్నారు. టాంజానియాలో సఫారీలు బయల్దేరే అరూషా ఊరి నుంచి రోడ్డు మీద గతుకులు చాలా ఎక్కువ, డబ్బు ఎక్కువైనా చిన్న విమానమే మేలు. సామాను సాధారణంగా 15 కిలోలే, అదీ మెత్తటి బ్యాగులో. జీపులో ఆవిడని వెనక సీట్లో మాత్రం కూర్చోబెట్టకండి, కుదుపంతా అక్కడే.

నలుపు, ముదురు నీలం బట్టలు వద్దు, కుట్టే సెట్సీ ఈగలు ఆ రంగులకే మూగుతాయి. నైరోబీలో ఆగి వెళ్లేట్టయితే ఎల్లో ఫీవర్ టీకా కనీసం 10 రోజుల ముందే వేయించుకోండి, తిరిగొచ్చాక మన ఎయిర్‌పోర్టులో ఆ సర్టిఫికెట్ అడుగుతారు.