సింగపూర్ ఫండ్ టర్మ్ షీట్: సంతకానికి ముందు, డబ్బు వచ్చాక

చిరంజీవి మేనల్లుడికి మావయ్య దీవెనలు.

సింగపూర్ ఫండ్ ఇచ్చిందని నువ్వు పంపిన టర్మ్ షీట్ (పెట్టుబడి ముఖ్య షరతుల కాగితం) రెండుసార్లు చదివాను. వాళ్లు 4 కోట్లు పెడతారు, ఆ డబ్బు రాకముందు మీ కంపెనీ విలువ 16 కోట్లని కట్టారు. అక్కకి ఫోన్ చేసి ఈ 16 కోట్ల సంగతి చెప్పావట, ఎంత మురిసిపోయిందో! మురిసిపోవాల్సిన విషయమే. కానీ సంతకం ఇంకో వారం ఆపు. ఆ 16 మొదటి పేజీలో ఉంది. చివరికి మీ చేతికి ఏం మిగులుతుందో తేల్చే వాక్యాలు తర్వాతి పేజీల్లో ఉన్నాయి. వాటి మీద నువ్వు ఒక్క ప్రశ్న కూడా రాసుకోలేదు.

ముందు ఈసాప్ పూల్, అంటే ఉద్యోగులకి ఇవ్వడానికి పక్కన పెట్టే షేర్లు, చూడు. "పెట్టుబడి తర్వాతి మొత్తం షేర్లలో 10 శాతం పూల్, పెట్టుబడికి ముందే ఏర్పాటు చేయాలి" అని ఉంది. కాగితం, పెన్ను తీసుకో. నీకూ నీ పార్ట్‌నర్‌కీ కలిపి 20,000 షేర్లున్నాయి. పూల్ లేదనుకుంటే 16 కోట్లని 20,000తో భాగిస్తే షేరు 8,000 రూపాయలు. వాళ్ల 4 కోట్లకి 5,000 షేర్లు వెళ్తాయి. ఇప్పుడు పూల్ కలుపు. పెట్టుబడి తర్వాత విలువ 20 కోట్లు, వాళ్లకి 20 శాతం, పూల్‌కి 10 శాతం, మీ ఇద్దరికీ 70. మీ 20,000 షేర్లే 70 శాతం అయినప్పుడు మొత్తం షేర్లు 28,571. 20 కోట్లని దాంతో భాగించు: షేరు 7,000. అంటే మీ ఇద్దరి వాటాకి వాళ్లు కట్టిన విలువ 14 కోట్లే. ఇంకా ఉద్యోగంలో చేరని వాళ్ల వాటా మొత్తం మీ జేబులోంచే పోతోంది.

దీన్ని వాదించి గెలవలేవు, లెక్క చూపించి గెలవాలి. వచ్చే 18 నెలల్లో ఎవరెవర్ని తీసుకుంటారో పేర్లు లేకుండా హోదాలు రాయి. టెక్ హెడ్‌కి ఎంత, మొదటి ఇద్దరు సేల్స్ వాళ్లకి ఎంత, నలుగురు ఇంజినీర్లకి ఎంత అని శాతాలు వెయ్యి. మీలాంటి చిన్న టీమ్‌కి అది 5 శాతం దగ్గర తేలితే పూల్ 5 శాతమే అడుగు. అప్పుడు షేరు ధర 7,500కి వస్తుంది. తర్వాతి రౌండ్ పెట్టుబడిలో పూల్‌ని ఎలాగూ మళ్లీ పెంచుతారు, ఆ బరువు అప్పుడు వీళ్ల మీద కూడా పడుతుంది. అందుకే ఇప్పుడే పెద్దది పెట్టించాలని చూస్తారు. అందులో దురుద్దేశం ఏమీ లేదు. వాళ్ల పని వాళ్లు చేస్తున్నారు, నీ పని నువ్వు చెయ్యి.

లిక్విడేషన్ ప్రిఫరెన్స్ (కంపెనీ అమ్ముడైతే ముందుగా ఎవరికి ఎంత అన్న షరతు) దగ్గర "ఒక రెట్టు, పార్టిసిపేటింగ్" అని రాశారు. ఈ ఉత్తరంలో ఒక్కటే గుర్తుపెట్టుకుంటానంటే ఆ రెండో మాట పట్టుకో. కంపెనీ 10 కోట్లకి అమ్ముడైందనుకో. నాన్-పార్టిసిపేటింగ్ అయితే వాళ్లు తమ 4 కోట్లు తీసుకుంటారు, లేదా తమ 20 శాతం తీసుకుంటారు. రెంటిలో ఒకటే. 4 తీసుకుంటారు, మిగతా అందరికీ 6 మిగులుతుంది. పార్టిసిపేటింగ్ అయితే 4 తీసుకుని, మిగిలిన 6లో మళ్లీ 20 శాతం, అంటే కోటీ 20 లక్షలు తీసుకుంటారు. 40 కోట్లకి అమ్మినప్పుడు తేడా ఇంకా పెద్దది. మొదటి పద్ధతిలో వాళ్లకి 8 కోట్లు, రెండో పద్ధతిలో 11 కోట్ల 20 లక్షలు. కంపెనీ బాగా నడిచి మంచి ధర పలికినా 3 కోట్ల 20 లక్షలు ఆ ఒక్క మాట వల్ల పోతాయి. పైగా తర్వాతి రౌండ్ ఫండ్ కూడా "వాళ్లకి ఇచ్చారు కదా, మాకూ అదే ఇవ్వండి" అంటుంది. ఒకసారి ఇచ్చింది మెట్లు మెట్లుగా పేరుకుపోతుంది. విలువలో కోటి తగ్గించుకునైనా సరే, "నాన్-" చేర్పించు.

యాంటీ-డైల్యూషన్ (తర్వాత షేర్లు తక్కువ ధరకి అమ్మితే వీళ్లకి ఇచ్చే రక్షణ) దగ్గర "బ్రాడ్-బేస్డ్ వెయిటెడ్ యావరేజ్" అని రాయించు, "ఫుల్ రాచెట్" ఒప్పుకోకు. రేపు గడ్డుకాలం వచ్చి షేరు 3,500కి 2 కోట్లు తెచ్చుకోవాల్సి వచ్చిందనుకో. ఫుల్ రాచెట్‌లో వీళ్ల 5,714 షేర్లు 11,428 అయిపోతాయి, తెచ్చింది ఎంత చిన్న మొత్తమైనా సరే. వెయిటెడ్ యావరేజ్‌లో తెచ్చిన మొత్తాన్ని బట్టి కన్వర్షన్ ధర (వాళ్ల షేర్లు ఈక్విటీగా మారే ధర) 7,000 నుంచి 6,417 దాకానే దిగుతుంది, షేర్లు 6,230 చుట్టూ ఆగుతాయి. ఇంకో సంగతి కూడా ఉంది. వీళ్లు విదేశీ ఇన్వెస్టర్ కాబట్టి ఫెమా (విదేశీ మారక చట్టం) నియమాలు వర్తిస్తాయి. వాళ్లు తీసుకునే సీసీపీఎస్ (తప్పనిసరిగా ఈక్విటీగా మారే ప్రిఫరెన్స్ షేర్లు) ఈక్విటీగా మారే ధర, ఇష్యూ చేసిన రోజు వాల్యుయేషన్ రిపోర్టులో తేల్చిన విలువకంటే కిందికి పోకూడదు. కాబట్టి ఆ రిపోర్టులో ఏ అంకె పడుతుందో రెండు వైపుల లాయర్లూ ముందే చూసుకోవాలి. లేకపోతే ఒప్పందంలో ఒకటి, చట్టంలో ఒకటి అయి కూర్చుంటుంది. సీసీపీఎస్‌లో "కంపల్సరిలీ" అన్న మాట ఉందో లేదో చూడు. ఇన్వెస్టర్ ఇష్టాన్ని బట్టి మారేవైతే ఫెమా వాటిని పెట్టుబడిగా కాదు, అప్పుగా చూస్తుంది.

మిగతావి తొందరగా చెప్తాను. ఎక్స్‌క్లూజివిటీ 90 రోజులని ఉంది, 45కి దించు. ఆ గడువులో నువ్వు ఇంకెవరితోనూ మాట్లాడలేవు, అటు ఖర్చు మాత్రం ఆగదు. వాళ్ల లాయర్ ఫీజు కంపెనీ భరించాలన్నారు. ఒప్పుకో, కానీ ఇంతకు మించకూడదని ఒక అంకె రాయించు. ఫౌండర్ల వెస్టింగ్ (మీ షేర్లు కొద్దికొద్దిగా పూర్తిగా మీవయ్యే గడువు) 4 ఏళ్లు, ఏడాది క్లిఫ్ (మొదటి ఏడాది నిండేదాకా ఏమీ దక్కకపోవడం) అన్నది మామూలే. అయితే మీరిద్దరూ ఇప్పటికే పెట్టిన రెండేళ్లని అందులో లెక్కేయించు. డబ్బు ఒకేసారి ఇస్తారా, విడతలుగానా అన్నది టర్మ్ షీట్‌లోనే తేలాలి. విడతలైతే షరతు ఎవరు చూసినా ఒకేలా తేలేదై ఉండాలి. "సంతృప్తికరమైన పురోగతి" అన్నది షరతు కాదు, "నెలకి 12 లక్షల రాబడి" అన్నది షరతు. ఈ డబ్బు ఏ ఫండ్‌లోంచి వస్తుంది, ఆ ఫండ్ ఏ ఏడాది మొదలైంది, తర్వాతి రౌండ్‌కి మీకోసం ఎంత పక్కన పెట్టారు అని కూడా అడుగు. ఇలాంటి ఫండ్ల ఆయుష్షు సాధారణంగా పదేళ్లు. ఇప్పటికే ఏడేళ్లు నడిచిన ఫండ్ అయితే మూడేళ్లలో అమ్మేయమని తొందర మొదలవుతుంది.

ఇక డ్యూ డిలిజెన్స్, అంటే డబ్బు పెట్టేముందు వాళ్లు మీ కాగితాలన్నీ తనిఖీ చెయ్యడం. అక్కడ మీకు నిజంగా చిక్కొచ్చేది కోడ్ దగ్గర. మొదటి యాప్‌ని ఒక ఫ్రీలాన్సర్ చేత రాయించామన్నావు. అతనికి డబ్బిచ్చినంత మాత్రాన కోడ్ మీది కాదు, రాతపూర్వకంగా బదిలీ చేస్తేనే మీది. ఆ బదిలీ పత్రంలో కాలం రాయకపోతే మన కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం 5 ఏళ్లకే అని అర్థం. ఏ దేశాలకో రాయకపోతే భారతదేశం మట్టుకే. ఇండోనేషియా, వియత్నాంలో అమ్ముతామని మీ ప్రెజెంటేషన్‌లో రాసి, కోడ్ మీద హక్కు ఇండియా వరకే ఉంటే సింగపూర్ లాయర్ మొదటి రోజే పట్టుకుంటాడు. "కాపీరైట్ ఉన్నంత కాలం, ప్రపంచమంతటా" అన్న మాటలతో ఈ వారమే కొత్త పత్రం రాయించు. డీల్ సంగతి బయటికి పొక్కాక అడిగితే అతను ధర పెంచుతాడు. అలాగే డొమైన్, గిట్‌హబ్, క్లౌడ్ ఖాతాలు మీ పేర్ల మీదుంటే కంపెనీ పేరుకి మార్చండి. నీ పార్ట్‌నర్ పాత ఉద్యోగంలో ఉండగానే కోడ్ రాశాడా? రాసుంటే ఆ కంపెనీ అపాయింట్‌మెంట్ లెటర్‌లో దీని గురించి ఏముందో చదవాలి.

ఇంకొకటి, స్నేహితుడి దగ్గర కంపెనీ ఖాతాలోకి తీసుకున్న 5 లక్షల చేబదులు. డైరెక్టర్ గానీ, డైరెక్టర్ బంధువు గానీ ఇస్తే వాళ్ల చేత డిక్లరేషన్ రాయించుకుని తీసుకోవచ్చు. స్నేహితుడిస్తే కంపెనీల చట్టం కింద అది మీ కంపెనీ తీసుకోకూడని డిపాజిట్ అయి కూర్చుంటుంది. డిలిజెన్స్ మొదలయ్యేలోపు తీర్చేయండి.

ఒప్పందాల మీద సంతకాలయ్యాక డబ్బు రావడంలో ఒక వరస ఉంది. ఆ వరస తప్పితే తర్వాత సరిదిద్దడం ఖరీదైన పని. ముందు షేర్‌హోల్డర్ల మీటింగ్‌లో ప్రత్యేక తీర్మానం. 21 రోజుల నోటీసు కావాలి గానీ, మీరిద్దరే షేర్‌హోల్డర్లు కాబట్టి సమ్మతి రాసిచ్చి తక్కువ రోజుల్లో పెట్టుకోవచ్చు. ఆ తీర్మానాన్ని ఎంజీటీ-14 ఫారంలో కంపెనీల రిజిస్ట్రార్ దగ్గర ఫైల్ చెయ్యాలి. అది ఫైల్ అయ్యాకే ఫండ్ పేరు మీద పీఏఎస్-4 ఆఫర్ లెటర్ ఇవ్వాలి. డబ్బుకోసం విడిగా ఒక బ్యాంకు ఖాతా తెరవండి, రోజువారీ కరెంట్ ఖాతాలో వేయించుకోవద్దు. డబ్బు పడ్డాక 60 రోజుల్లోపు షేర్లు ఫండ్‌కి అలాట్ చెయ్యాలి, అంటే కేటాయించాలి. చెయ్యలేకపోతే తర్వాతి 15 రోజుల్లో తిరిగిచ్చెయ్యాలి, అదీ చెయ్యకపోతే 12 శాతం వడ్డీ. అలాట్ చేసిన 15 రోజుల్లో పీఏఎస్-3 (ఆ కేటాయింపు వివరాల ఫారం) ఫైల్ చెయ్యాలి, ఆలస్యమైతే రోజుకి వెయ్యి రూపాయల చొప్పున 25 లక్షల దాకా పెనాల్టీ. అన్నిటికంటే ఎక్కువగా జరిగే తప్పు ఇంకొకటి: పీఏఎస్-3 ఫైల్ అయ్యేదాకా ఆ డబ్బు ముట్టుకోకూడదు. ఖాతాలో 4 కోట్లున్నాయి, ఒకటో తారీఖు జీతాలున్నాయి, ఏమవుతుందిలే అని తీస్తారు. తర్వాతి రౌండ్ డిలిజెన్స్‌లో బ్యాంకు స్టేట్‌మెంట్, పీఏఎస్-3 తేదీ పక్కపక్కన పెట్టి చూస్తారు. అందుకని డబ్బు నెల మొదట్లో పడేలా చూసుకో, రెండు నెలల జీతాలకి సరిపడా వేరుగా ఉంచుకో.

విదేశీ డబ్బు కాబట్టి అలాట్ చేసిన 30 రోజుల్లో రిజర్వ్ బ్యాంకు ఫర్మ్స్ పోర్టల్‌లో ఎఫ్‌సీ-జీపీఆర్ (విదేశీయులకి షేర్లిచ్చినట్టు తెలిపే ఫారం) వెయ్యాలి. దానికి కంపెనీ సెక్రటరీ సర్టిఫికెట్, వాల్యుయేషన్ సర్టిఫికెట్, డబ్బు వచ్చినట్టు బ్యాంకు ఇచ్చే ఎఫ్‌ఐఆర్‌సీ, పంపినవాళ్ల బ్యాంకు నుంచి కేవైసీ కావాలి. ఆలస్యమయ్యేది ఎప్పుడూ ఆ కేవైసీ దగ్గరే. ఒప్పందంలో ఫండ్ పేరు ఒకటుండి, డబ్బు పంపిన ఖాతా పేరు ఇంకొకటైతే బ్యాంకు వెనక్కి పంపుతుంది. డబ్బు పంపే ముందే ఆ ఖాతా పేరు అక్షరం అక్షరం మెయిల్‌లో తెప్పించుకో. ఏంజెల్ టాక్స్ (షేర్లని అసలు విలువకంటే ఎక్కువ ధరకి ఇస్తే కంపెనీ మీద పడే ఆదాయపు పన్ను) 2025 ఏప్రిల్ 1 నుంచి లేదు కదా, వాల్యుయేషన్ రిపోర్టు ఎందుకని మీ అకౌంటెంట్ అన్నాడట. పోయింది ఆదాయపు పన్ను అవసరం మాత్రమే. కంపెనీల చట్టానికి రిజిస్టర్డ్ వాల్యుయర్ రిపోర్టు, ఫెమాకి ఇంకోటి ఇప్పటికీ కావాలి.

ఫండ్ సింగపూర్‌దైనా అందులో డబ్బు ఎవరిదో అడుగు. 2020 ఏప్రిల్ నాటి ప్రెస్ నోట్ 3 ప్రకారం మనతో భూ సరిహద్దున్న దేశాల వాళ్లు అసలు లబ్ధిదారులైతే ప్రభుత్వ అనుమతి కావాలి. అంటే చైనా ఒక్కటే కాదు, నేపాల్, భూటాన్ కూడా. బెనిఫిషియల్ ఓనర్లు ఎవరో రాతపూర్వకంగా తీసుకుని, ఆ రోజుకి ఉన్న సవరణలతో లాయర్ చేత చూపించు. ఇది చివర్లో బయటపడితే నెలలు పోతాయి.

"వీలైతే హోల్డింగ్ కంపెనీని సింగపూర్‌కి మార్చాలి" అన్న వాక్యం పూర్తిగా కొట్టేయించు. అంటే మీ కంపెనీకి పైన యజమానిగా సింగపూర్‌లో ఇంకో కంపెనీ పెట్టమనడం. మీ కస్టమర్లు, మీ మనుషులు అందరూ హైదరాబాద్, విజయవాడల్లో ఉన్నారు. వెళ్లడం తేలికే, తిరిగి రావడమే కష్టం. 2022లో ఫోన్‌పే సింగపూర్ నుంచి ఇండియాకి మారినప్పుడు దాని ఇన్వెస్టర్లు కట్టిన పన్ను సుమారు 8,000 కోట్లు. ఇండోనేషియాలో అమ్మకాలు మొదలైన రోజున అక్కడ ఒక సబ్సిడరీ (మీ కంపెనీ కింద ఉండే కంపెనీ) పెట్టుకోవచ్చు, దానికోసం పైకప్పు మార్చక్కర్లేదు.

గురువారంలోపు రెండు కాగితాలు పంపు: పూల్ 5 శాతంతో ఒకటి, 10 శాతంతో ఒకటి వేసిన క్యాప్ టేబుల్ (ఎవరికి ఎన్ని షేర్లో చూపే పట్టిక), ఫ్రీలాన్సర్ సంతకం పెట్టిన పాత పత్రం. శుక్రవారం ఫండ్ వాళ్లతో మాట్లాడే ముందు మనం ఒక గంట కూర్చుందాం. మీ పార్ట్‌నర్‌ని కూడా ఉండమను.

మీ మావయ్య