అట్లాంటా దగ్గర రాళ్ల నదుల్లో కయాక్ నేర్చుకుని పోటీలకు వెళ్లాలంటే ఏ క్లబ్బులో చేరాలి?

అట్లాంటా శివారులోని సువానీకి కొత్తగా వచ్చానన్నారు. రిషికేశ్‌లో రెండుసార్లు రాఫ్టింగ్ చేశానని, ఇప్పుడు సొంత కయాక్ (రెండు వైపులా రెక్కలున్న తెడ్డుతో నడిపే సన్నని పడవ) కొనుక్కుని పోటీల దాకా వెళ్లాలని ఉందని రాశారు. పడవ ఇప్పుడే కొనకండి. నేను క్లబ్బు కన్నా ముందు పడవ కొన్నవాడిని. కొట్టులో నాకు అంటగట్టిన పన్నెండు అడుగుల కయాక్ చెరువులో చేపలు పట్టడానికి బాగుంటుంది, రాళ్ల మధ్య మాత్రం మలుపు తిరగదు. అది ఇప్పటికీ మా గరాజ్‌లోనే ఉంది. మా ఆవిడ దాని మీద తువ్వాళ్లు ఆరేస్తుంది.

ఈ ఆట ఒంటరిగా ఆడేది కాదు. మొదటి కారణం చాలా మామూలుది: నది మిమ్మల్ని తిరిగి మీ కారు దగ్గర దించదు. పైన నీళ్లలో దిగే చోట ఒక కారు, దిగువన ఒడ్డెక్కే చోట ఇంకో కారు ఉండాలి. రెండోది, మీరు బోల్తా పడినప్పుడు మనిషిని ఒకరు, పడవను ఒకరు, తెడ్డును ఇంకొకరు పట్టుకోవాలి.

మీకు దగ్గరలో ఉన్నది జార్జియా కెనూయింగ్ అసోసియేషన్. పేరులో కెనూ (ఒకవైపే రెక్క ఉన్న తెడ్డుతో నడిపే పడవ) అని ఉన్నా కయాక్‌వాళ్లూ ఉంటారు. ఏ క్లబ్బునైనా దాని ప్రయాణాల పట్టికను బట్టి అంచనా వేయండి. ఏ నది, ఏ స్థాయి (ప్రవాహం ఎంత కష్టమో ఒకటి నుంచి ఆరు దాకా చెప్పే అంకె), ఎవరు నడిపిస్తున్నారు అన్నవి రాసి ఉన్నాయా, కొత్తవాళ్లకు శిక్షణ ఉందా అని చూడండి. నడిపించేవారికి ముందే ఫోను చేసి మీకు వచ్చిందేమిటో, రానిదేమిటో దాచకుండా చెప్పండి. రాఫ్టింగ్‌ను లెక్కలోకి తీసుకోరు. అందులో పడవ నడిపింది గైడు.

నేను దాచాను. మాది రాజమండ్రి, గోదావరిలో ఈత నేర్చుకున్నవాడికి ఈ వాగులొక లెక్కా అనుకున్నాను. నార్త్ కరోలినాలో నాంటహేలా నదికి తీసుకెళ్లారు. సుమారు ఎనిమిది మైళ్ల ప్రయాణం, చాలావరకు రెండో స్థాయి. చివర నాంటహేలా ఫాల్స్ మాత్రం మూడో స్థాయి. జలాశయం అడుగు నుంచి వచ్చే నీళ్లు కావడంతో జులైలో కూడా ఒళ్లు కొయ్యబారుతుంది. ఆ ఫాల్స్‌లోనే తలకిందులయ్యాను. పడవలోకి నీళ్లు రాకుండా నడుము చుట్టూ బిగించి కూర్చునే చోటును మూసే స్కర్ట్ పట్టీ లాగి బయటపడ్డాను. కాలికి రాయి తగలగానే హమ్మయ్య అని నిలబడబోయాను. ఒడ్డు నుంచి ఒకాయన గొంతు చించుకుని అరిచాడు: కాళ్లు పైకి!

గోదావరిలో కాలికి నేల తగిలితే బతికినట్టే. ఇక్కడ అదే ప్రమాదం. పాదం రాళ్ల సందులో ఇరుక్కుంటే వెనుక నుంచి వచ్చే నీరు మనిషిని ముందుకు వంచి తల ముంచేస్తుంది, నడుము లోతు నీళ్లలోనైనా సరే. వెల్లకిలా తేలుతూ, పాదాలు దిగువకు పెట్టి, నీరు నెమ్మదించే దాకా పోవాలి. నలభై ఏళ్ల అలవాటును మార్చుకోవడానికి నాకు ఒక సీజన్ పట్టింది.

పోటీల మాటకొస్తే, జాతీయ సంస్థ 1880లో పుట్టిన అమెరికన్ కెనూ అసోసియేషన్. గుర్తింపు పొందిన శిక్షకులు కూడా అక్కడే దొరుకుతారు. స్లాలం, అంటే నీటిపై వేలాడదీసిన స్తంభాల జతల (గేట్ల) మధ్య నుంచి సమయంతో పోటీపడి వెళ్లడం, కావాలంటే నాంటహేలా రేసింగ్ క్లబ్ ఉంది. నార్త్ కరోలినాలోని షార్లెట్‌లో పంపులతో నీళ్లు తిప్పే కృత్రిమ కాలువ ఉంది. 1996 ఒలింపిక్స్ స్లాలం జరిగిన ఒకోయీ నది టెనెసీలో ఉంది, కానీ మొదటి ఏడాది దాని జోలికి వెళ్లకండి. స్లాలంలో ఆకుపచ్చ గేట్లను ప్రవాహంతో పాటు, ఎర్ర గేట్లను ఎదురెక్కి దాటాలి. స్తంభం తాకితే 2 సెకన్లు, గేటు తప్పితే 50 సెకన్లు కలుపుతారు. ఒక చిన్న క్లబ్బు పోటీలో నేను ఐదు తాకి, ఒకటి తప్పాను. నిమిషం శిక్ష! నా తర్వాత వచ్చిన పన్నెండేళ్ల అమ్మాయి ఒక్కటీ తాకలేదు.

హైదరాబాద్‌లో ఉన్న మీ తమ్ముడి గురించి కూడా అడిగారు. రిషికేశ్‌లోనే కయాక్ కోర్సులు ఉన్నాయి. వానాకాలంలో కోళికోడ్ దగ్గర మలబార్ రివర్ ఫెస్టివల్ జరుగుతుంది, అక్కడికి వెళితే దేశంలో ఈ ఆట ఆడేవాళ్లు చాలామంది పరిచయమవుతారు. స్లాలం శిక్షణకు మధ్యప్రదేశ్‌లో నర్మద ఒడ్డున మహేశ్వర్ ఉంది.

మీరు చలికాలంలో మొదలుపెట్టండి. చాలా క్లబ్బులు అప్పుడు ఈతకొలనుల్లో బోల్తా పడిన పడవను తెడ్డుతో తిరిగి లేపడం నేర్పిస్తాయి. వసంతంలో ఉత్తర జార్జియాలోని ఎలిజే దగ్గర కార్టికే నదికి వెళ్లవచ్చు. దానికి వానలే ఆధారం కాబట్టి బయలుదేరే ముందు అమెరికన్ వైట్‌వాటర్ సైటులో నీటిమట్టం చూసుకోవాలి. అప్పటిదాకా పడవ, తెడ్డు, హెల్మెట్ అన్నీ అద్దెకు తెచ్చుకోండి, లేదా క్లబ్బులో అడిగితే ఎవరో ఒకరు ఇస్తారు. ముక్కు క్లిప్ ఒక్కటి మాత్రం కొనుక్కోండి. కొలనులో మొదటి గంటంతా తలకిందులుగానే ఉంటారు.